టైమింగ్ బెల్ట్ తెగితే ఇంజన్‌కి ఏమవుద్ది, ఆ టైంలో ఏం చెయ్యాలి, అసలు తెగేదాకా రాకుండా ఏం చూసుకోవాలి

బండి హైవే మీద 80లో పోతూ ఉంటది, పొగ లేదు, వేడెక్కలేదు, ఏ వార్నింగూ లేదు, ఉన్నట్టుండి టక్కుమని ఒక చిన్న శబ్దం వచ్చి ఇంజన్ ఆగిపోద్ది, యాక్సిలరేటర్ తొక్కితే ఏం లేదు, మీటర్‌లో బ్యాటరీ లైటు, ఆయిల్ లైటు రెండూ వెలుగుతాయి. అప్పుడు దాదాపు అందరం చేసే పని ఏంటంటే కీ తిప్పి సెల్ఫ్ కొట్టడం, అందుకోకపోతే ఇంకోసారి కొట్టడం, అప్పటికీ అందుకోకపోతే రోడ్డు పక్కన ఉన్న నలుగుర్ని పిలిచి సెకండ్ గేర్ వేసి తోయించడం. డీజిల్ అయిపోయో బ్యాటరీ పోయో ఆగితే ఇందులో పెద్ద తప్పేం లేదు. కానీ తెగింది టైమింగ్ బెల్ట్ అయితే మాత్రం మీరు కొట్టే ప్రతి సెల్ఫూ ఇంజన్ లోపల ఇంకా మిగిలున్న వాల్వుల్ని (గాలి లోపలికి రానిచ్చి, పొగ బయటికి వదిలే తలుపులు) కూడా వంచేసే అవకాశం ఉంది, తోయించడం అయితే ఇంకా ఘోరం. అందుకే ముందే చెప్తున్నా, మిగతాది చదవకపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: నడుస్తున్న ఇంజన్ ఏ కారణం తెలీకుండా టక్కున ఆగిపోతే, బెల్ట్ సంగతి తేలేదాకా సెల్ఫ్ కొట్టొద్దు, ఎవరు చెప్పినా తోయించొద్దు.

ఎందుకో అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. కింద క్రాంక్ ఉంటది, పిస్టన్లు పైకీ కిందకీ ఆడేది దీనివల్లే. పైన హెడ్‌లో, అంటే ఇంజన్ పై భాగంలో, క్యామ్ ఉంటది, వాల్వులు తెరిచేదీ మూసేదీ అది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి, చక్రం మీది ఒక్క పన్ను కూడా అటూఇటూ అవ్వకూడదు. ఈ లెక్క తప్పకుండా రెండిట్నీ కలిపి ఉంచేదే టైమింగ్ బెల్ట్. లోపల ఫైబర్ గ్లాస్ దారాలు, పైన వేడికి తట్టుకునే రబ్బరు, పళ్ళ మీద నైలాన్ బట్ట, అంతే దాని నిర్మాణం. మీరు 3000 ఆర్పీఎంలో పోతుంటే క్యామ్ 1500లో తిరుగుతుంది, అంటే ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటోంది, ఆ లాగుడు మొత్తం భరించేది ఈ బెల్టే. కార్లలో ఇది మరీ పాతకాలం నుంచి ఉన్నది కూడా కాదు, పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో మొదట దీన్ని పెట్టింది 1962లో జర్మనీ వాళ్ళ గ్లాస్ 1004 అనే కారులో, అంతకుముందు అంతా చైన్లూ గేర్లే. చప్పుడు తక్కువ, బరువు తక్కువ, ఆయిల్ అక్కర్లేదు, ఖర్చూ తక్కువ, అందుకే అందరూ దీని వైపు వచ్చారు.

ఇప్పుడు బెల్ట్ తెగిందనుకోండి. క్యామ్‌ని తిప్పేది లేదు కాబట్టి అది ఎక్కడున్నది అక్కడే ఆగిపోద్ది, అంటే ఆ క్షణానికి తెరిచి ఉన్న వాల్వులు అలా తెరిచే ఉండిపోతాయి. కానీ కింద క్రాంక్ ఆగదు, దాని చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంది, పైగా బండి గేర్‌లో ఉంది కాబట్టి చక్రాలు కూడా దాన్ని తిప్పుతూనే ఉంటాయి. 2400 ఆర్పీఎంలో ఒక్కో పిస్టన్ సెకనుకి 40 సార్లు పైకొస్తుంది. తెరిచిన వాల్వు పిస్టన్ వైపు ఒక 8, 9 మిల్లీమీటర్లు దిగి ఉంటది, డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు హెడ్‌కీ దానికీ మధ్య ఉండే సందు ఒక మిల్లీమీటరు అటూఇటూ. ఇంక చెప్పేదేముంది, పిస్టన్ వచ్చి వాల్వుని గుద్దుద్ది, వాల్వు కాడ వంగిపోద్ది. వంగిన వాల్వు మళ్ళీ సీటు మీద సరిగ్గా కూర్చోదు, ఆ సిలిండర్‌లో కంప్రెషన్, అంటే గాలిని నొక్కిపెట్టే ఒత్తిడి, ఉండదు.

ఇదంతా అన్ని ఇంజన్లలో జరగదు. వాల్వు పూర్తిగా తెరిచున్నా, పిస్టన్ పూర్తిగా పైకొచ్చినా రెండూ తగలనంత ఖాళీ ఉండే ఇంజన్లు కొన్ని ఉన్నాయి, వాటిని నాన్ ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్లు అంటారు. వాటిలో బెల్ట్ తెగితే బండి ఆగిపోద్ది, కొత్త బెల్ట్ వేసి టైమింగ్ పెడితే వెళ్ళిపోవచ్చు, నష్టం అంతే. తగిలేవాటిని ఇంటర్‌ఫియరెన్స్ అంటారు, ఇప్పుడొచ్చే పెట్రోల్ ఇంజన్లు ఎక్కువ భాగం ఇవే, డీజిల్ అయితే కంప్రెషన్ అంత ఎక్కువ ఉండాలి కాబట్టి ఖాళీ వదిలే వీలే లేదు, దాదాపు అన్నీ ఇవే అనుకోండి.

నష్టం ఎంత అనేది ఏ స్పీడులో తెగింది అన్నదాన్ని బట్టి మారుద్ది. పొద్దున స్టార్ట్ చేసేటప్పుడో ట్రాఫిక్‌లో ఐడిల్‌లోనో తెగితే రెండు మూడు వాల్వులతో సరిపోవచ్చు. హైవే స్పీడులో తెగితే చాలా వాల్వులు వంగుతాయి, వాల్వుల్ని నొక్కే రాకర్లు విరుగుతాయి, వాల్వు కాడలు జారే గైడ్లు పగుల్తాయి, పిస్టన్ తల మీద చంద్రవంకల్లాగా గుంటలు పడతాయి, క్యామ్ విరిగిన కేసులూ ఉంటాయి. అన్నిటికన్నా చెడ్డది వాల్వు తల ఊడి సిలిండర్‌లో పడటం, ఆ ముక్కని పిస్టన్ పైకి తీసుకెళ్ళి హెడ్‌కేసి కొడుతుంది, పిస్టన్ చిల్లు పడొచ్చు, కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు, ఒక్కోసారి ఇంజన్ మొత్తం మార్చుకోవాల్సి రావొచ్చు. మొదటి దెబ్బకే ఎక్కువ నష్టం జరిగిపోద్ది కదా, తర్వాత సెల్ఫ్ కొడితే ఎంత కొట్టకపోతే ఎంత అని కొంతమంది అంటారు. అది సగమే నిజం. అప్పటిదాకా మూసుకుని ఉండి బతికిపోయిన వాల్వులు ఉంటాయి, నాలుగు చుట్లలో ఆగిపోయి కొద్దిగా మాత్రమే వంగినవి ఉంటాయి, విరిగిన ముక్క ఒకటి ఇంకా సిలిండర్ గోడని గీయకుండా అలా పడి ఉండొచ్చు, వీటన్నిటినీ సెల్ఫ్ మోటర్ మళ్ళీ తిప్పి పాడుచేస్తుంది.

సరే, రోడ్డు మీద ఆగినప్పుడు వరసగా ఏం చెయ్యాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చేయండి, ఆటోమేటిక్ అయితే ఎన్‌లోకి, దీంతో చక్రాలకీ ఇంజన్‌కీ సంబంధం తెగి క్రాంక్ తిరగడం ఆగుద్ది. హజార్డ్ లైట్లు వేసి ఉన్న ఊపుతోనే ఎడమ పక్కకి తీసుకోండి. కీ మాత్రం పూర్తిగా వెనక్కి తిప్పేయొద్దు, స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది, ఆన్‌లోనే ఉంచండి. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ అయితే బ్యాటరీ మీద పనిచేస్తూనే ఉంటది, పాత హైడ్రాలిక్ టైపు అయితే స్టీరింగ్ బాగా బరువెక్కుద్ది, భయపడకుండా గట్టిగా తిప్పండి, తిరుగుతుంది. బ్రేక్ విషయం జాగ్రత్త. బూస్టర్‌లో దాచి ఉన్న వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుడ్లకే సరిపోద్ది, ఆ తర్వాత పెడల్ రాయిలా అయిపోద్ది, అందుకని పంపు కొట్టినట్టు వదిలి వదిలి తొక్కకుండా ఒకేసారి గట్టిగా నొక్కి పట్టుకోండి, చాలకపోతే హ్యాండ్ బ్రేక్ నెమ్మదిగా లాగండి.

ఒక్క చోట మాత్రం నేను న్యూట్రల్ చెయ్యమని చెప్పను. శ్రీశైలం ఘాట్ లాంటి చోట కిందకి దిగుతున్నప్పుడు ఇంజన్ ఆగిపోతే ఇంజన్ గురించి ఆలోచించొద్దు, బండి గేర్‌లోనే ఉండనివ్వండి, అది ఎంతో కొంత ఆపుతుంది, బ్రేక్ ఒకేసారి నొక్కి పట్టి, హ్యాండ్ బ్రేక్ తోడు చేసి కొండ వైపుకి ఆనించి ఆపుకోండి. వాల్వులు పోతే పోయాయి, అవి షాపులో దొరుకుతాయి.

ఆగాక అందర్నీ దింపి రైలింగ్ అవతల నిలబెట్టండి, ట్రయాంగిల్ వెనక దూరంగా పెట్టండి, నేషనల్ హైవే అయితే 1033కి ఫోన్ చెయ్యండి. మీ ఇన్సూరెన్స్‌లో రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉంటే టోయింగ్ అందులోనే వస్తుంది, ఆ నంబర్ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. బండిని ఎత్తి పెట్టుకునే ఫ్లాట్ బెడ్ అయితే మంచిది. తాడుతో లాగించుకోవాల్సి వస్తే గేర్ న్యూట్రల్‌లోనే ఉండాలి, లాగేవాడు మధ్యలో "అన్నా ఓసారి సెకండ్ వేసి క్లచ్ వదులు, అందుకుంటుందేమో చూద్దాం" అంటాడు, ఒప్పుకోవద్దు.

తెగింది బెల్టేనా కాదా అనేది ఎలా తెలుస్తుంది అంటే, ఇంధనం సమస్య అయితే సాధారణంగా బండి ముందు దగ్గుతుంది, పికప్ తగ్గుద్ది, ఆ తర్వాత ఆగుద్ది. బెల్ట్ తెగితే స్విచ్ ఆపినట్టు ఆగుద్ది. ఈ పాటికే ఎవరో ఒకసారి సెల్ఫ్ కొట్టేసి ఉంటే ఆ శబ్దం గుర్తు తెచ్చుకోండి, మామూలు ఇంజన్ గుర్ గుర్ గుర్ మని ఒక లయలో తిరుగుద్ది ఎందుకంటే ఒక్కో సిలిండర్ కంప్రెషన్ దగ్గర బరువు తగుల్తుంది కాబట్టి, బెల్ట్ తెగిన ఇంజన్ అడ్డేమీ లేనట్టు జుయ్యిమని తేలిగ్గా తిరిగేస్తుంది. కానీ ఈ శబ్దం వినడం కోసమని సెల్ఫ్ కొట్టి చూడొద్దు. ఖాయంగా తెలియాలంటే టైమింగ్ కవర్ పై భాగం విప్పి చూడాలి, చాలా బండ్లలో రెండు మూడు క్లిప్పులో చిన్న బోల్టులో ఉంటాయి. బెల్ట్ తెగి కనపడొచ్చు, లేదా బెల్ట్ చూడ్డానికి బానే ఉండి కింద క్రాంక్ దగ్గర పళ్ళు ఊడి నున్నగా అయిపోయి ఉండొచ్చు, ఈ రెండోది మోసం చేస్తుంది, పైనుంచి చూసి బెల్ట్ బానే ఉందని మూసేస్తారు.

ఇంకో రకం ఉంది, బెల్ట్ తెగకుండా ఒకటి రెండు పళ్ళు జారడం. అప్పుడు బండి ఆగదు, కానీ ఐడిల్‌లో వణుకుద్ది, పికప్ పోద్ది, స్టార్టింగ్ కష్టమవుద్ది, చెక్ ఇంజన్ లైటు వస్తుంది, స్కానర్ పెడితే పి0016 అనే కోడ్ రావొచ్చు, అంటే క్రాంక్ సెన్సర్ చెప్పేదానికీ క్యామ్ సెన్సర్ చెప్పేదానికీ పొంతన కుదరట్లేదని. ఆ కోడ్ కనపడ్డాక సెన్సర్ మార్చి చూద్దాం అని అలాగే తిప్పొద్దు, ముందు బెల్ట్ మార్కులు (క్రాంక్, క్యామ్ ఒకదానికొకటి సరిపోయాయో లేదో చూపే గుర్తులు) చూపించండి.

షెడ్డుకి చేరాక మెకానిక్ చెయ్యకూడని మొదటి పని కొత్త బెల్ట్ వేసేసి సెల్ఫ్ కొట్టి చూడటం. చెయ్యాల్సిన పద్ధతి వేరే ఉంది. ముందు క్రాంక్‌ని స్పానర్‌తో చేత్తో జాగ్రత్తగా, అడ్డు తగిలితే ఆపేస్తూ, పిస్టన్లన్నీ సగం ఎత్తులో ఉండేట్టు తిప్పాలి, నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో టాప్ నుంచి పావు చుట్టు వెనక్కి అన్నమాట, అప్పుడు ఏ పిస్టనూ పైన ఉండదు కాబట్టి క్యామ్‌ని తిప్పినా దేనికీ తగలదు. తర్వాత క్యామ్‌ని దాని మార్కుకి తెచ్చి, ఆ తర్వాత క్రాంక్‌ని మార్కుకి తెచ్చి, బెల్ట్ వేసి, చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పి చూడాలి. ఎక్కడా పట్టేయకపోతే అప్పుడు కంప్రెషన్ కానీ, ఇంకా మంచిది లీక్ డౌన్ టెస్ట్ కానీ చెయ్యాలి, అంటే సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పెట్టి ఎక్కడినుంచి లీకవుతుందో వినడం. గాలి సైలెన్సర్ నుంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు వంగింది, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి వస్తే ఇన్‌లెట్ వాల్వు వంగింది. వాల్వు వంగిన సిలిండర్ కంప్రెషన్ మీటర్ మీద సున్నా దగ్గరే ఆడుద్ది కాబట్టి అనుమానపడే పనే ఉండదు. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి చిన్న కెమెరా పంపించి పిస్టన్ మీద గుంటలు పడ్డాయేమో చూడొచ్చు, ఈ కెమెరాలు ఇప్పుడు ఫోన్‌కి పెట్టుకునేవి చవగ్గానే దొరుకుతున్నాయి, మీ మెకానిక్ దగ్గర లేకపోతే మీరే కొనుక్కెళ్ళండి, హెడ్ దించాలా వద్దా అనే పెద్ద నిర్ణయం కళ్ళతో చూసి తీసుకోవచ్చు.

హెడ్ దించాల్సి వస్తే అక్కడ కూడా కొన్ని అడిగి చేయించుకోవాలి. హెడ్ లేత్ షాపుకి వెళ్ళాక వంగినవి రెండే అని రెండు వాల్వులే మార్చి పంపిస్తారు, మిగతావి కంటికి బాగానే కనపడతాయి కానీ కొద్దిగా వంగినా సీటు మీద కూర్చోవు, అన్నీ తిప్పి చెక్ చేయించండి, గైడ్లలో పగుళ్ళు చూడమనండి. బిగించే ముందు ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రంధ్రాల్లో పెట్రోల్ పోసి పెట్టి వాల్వు దగ్గర చెమ్మ దిగుతుందేమో చూసే పాత పద్ధతి ఉంది, ఖర్చు లేదు, మీరు ఎదురుగా నిలబడి చూడొచ్చు. హెడ్ సమానంగా ఉందో లేదో చూపించాలి, హెడ్ ప్యాకింగ్ కొత్తది వెయ్యాలి, డీజిల్‌లో ఈ ప్యాకింగ్ వేర్వేరు మందాల్లో వస్తుంది, పాతదాని మీద ఉన్న గాట్లో రంధ్రాలో చూసి అదే మందం తెప్పించాలి, లేదంటే పిస్టన్ ఎంత పైకి పొడుచుకొస్తుందో కొలిచి తేల్చాలి. చాలా ఇంజన్లకి హెడ్ బోల్టులు ఒక్కసారే వాడేవి, సాగిపోయిన పాతవి మళ్ళీ బిగించకూడదు. ఎలాగూ హెడ్ దించారు కదా, పిస్టన్లని ఒక్కొక్కటిగా టాప్‌కి తెచ్చి అన్నీ ఒకే ఎత్తుకి వస్తున్నాయేమో డయల్ గేజ్‌తో చూడమనండి, ఒకటి తక్కువ ఎత్తుకి వస్తే ఆ కనెక్టింగ్ రాడ్ వంగిందని అర్థం, దాన్ని వదిలేసి హెడ్ కట్టేస్తే మళ్ళీ కొన్నాళ్ళకే విప్పాలి. అయ్యాక ఆయిలూ ఫిల్టరూ కొత్తవి వెయ్యాల్సిందే.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి, మామూలు కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్‌లో అరుగుదలా మెకానికల్ బ్రేక్‌డౌనూ రావు, ఏక్సిడెంట్ కాదు కాబట్టి బెల్ట్ తెగి హెడ్ పోతే మీ జేబే. బెల్ట్ టైంకి మార్పిస్తే వేలల్లో అయ్యే ఖర్చు, తెగాక పెద్ద డీజిల్ బండికి లక్ష దాటడం వింతేం కాదు.

రిపేర్‌తో పాటు ఇంకొకటి చెయ్యాలి, పాత బెల్ట్ పారెయ్యనివ్వకండి, అది ఎందుకు తెగిందో దాని మీదే రాసుంటది. రబ్బరు వీపు మీద సన్నని పగుళ్ళుంటే వయసు, వేడి. ఒక అంచు చీకిపోయి దారాలు బయటికొచ్చి ఉంటే ఏదో పుల్లీ వంకరగా ఉంది లేదా ఐడ్లర్ బేరింగ్ (బెల్ట్‌కి దారి చూపే చక్రం) ఊగుతోంది. పళ్ళు వరసగా ఊడిపోతే ఏదో జామ్ అయ్యింది, ఎక్కువసార్లు వాటర్ పంపు బేరింగ్ పట్టేసి ఉంటది, లేదా బెల్ట్‌ని బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ వదులై ఉంటది. ఉబ్బి మెత్తగా జిగటగా ఉంటే క్యామ్ సీల్ నుంచో క్రాంక్ సీల్ నుంచో ఆయిల్ కారి తడిపేసింది. కత్తితో కోసినట్టు తిన్నగా తెగితే బిగించేటప్పుడు మడతపెట్టి ఉంటారు, లోపలి ఫైబర్ గ్లాస్ దారం మడతకి విరుగుద్ది, బయటికి తెలీదు. కవర్ విరిగిపోయినా, లేకుండా తిప్పినా చిన్న రాయి పడి కూడా పోద్ది, ఇంకా బయట ఆల్టర్నేటర్‌కి తిరిగే ఫ్యాన్ బెల్ట్ చినిగి ఆ పీలికలు క్రాంక్ పుల్లీ వెనక నుంచి లోపలికి లాక్కెళ్ళి టైమింగ్ బెల్ట్‌ని జార్చేసిన సందర్భాలూ ఉన్నాయి, అందుకని ఆ బయటి బెల్ట్ చిట్లుతుంటే నిర్లక్ష్యం చెయ్యొద్దు. కారణం పట్టుకోకుండా కొత్త బెల్ట్ వేస్తే అదే కారణం దీన్నీ తినేస్తుంది.

ఇక తెగకముందు. ముందు మీ బండిలో బెల్ట్ ఉందా చైన్ ఉందా తెలుసుకోండి, మాన్యువల్‌లో మెయింటెనెన్స్ పేజీల్లో రాసి ఉంటది. మనవైపు ఎక్కువ కనపడేవాటిలో కొన్ని చెప్తా. 2005 నుంచి 2016 దాకా వచ్చిన పాత ఇన్నోవా 2.5 డీజిల్‌ది బెల్ట్, మీటర్‌లో టి-బెల్ట్ అని లైటు కూడా ఉంటది, ఆ తర్వాత వచ్చిన క్రిస్టా డీజిల్‌ది చైన్. డస్టర్, టెరానో, వెరిటోలో ఉండే 1.5 డీజిల్‌ది బెల్ట్. పోలో, వెంటో, ర్యాపిడ్ 1.5 టిడిఐ బెల్ట్, ఇప్పటి టైగున్, వర్టస్, కుషాక్, స్లావియా టర్బో పెట్రోల్ ఇంజన్లవి కూడా బెల్టే. ఫిగో, ఎకోస్పోర్ట్ డీజిల్ బెల్ట్. కంపాస్, హారియర్, సఫారీ, హెక్టర్‌లో ఉన్న 2.0 లీటర్ డీజిల్‌ది బెల్ట్. పాత శాంత్రో, పాత మారుతి 800 బెల్ట్. స్విఫ్ట్ డీజిల్ 1.3 చైన్, మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజన్లు చైన్. చైన్ అంటే జన్మంతా ఉంటుందని కాదు, సాగుద్ది, పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు గలగలా అని చప్పుడు వస్తే చూపించాలి, కాకపోతే అది ముందే చప్పుడు చేసి చెప్తుంది, బెల్ట్ చాలాసార్లు ఏమీ చెప్పదు.

ఎప్పుడు మార్చాలి అనేదానికి ఇంజన్‌ని బట్టి 60,000 కిలోమీటర్ల నుంచి లక్షా యాభై వేల దాకా కంపెనీలు రకరకాలుగా చెప్తాయి, పక్కనే ఇన్ని సంవత్సరాలు అని కూడా ఉంటది, ఏది ముందొస్తే అది. మనవాళ్ళు ఆ సంవత్సరాల లెక్కని అసలు చూడరు. వారానికోసారి తీసే బండి, ఏడేళ్ళలో 35,000 తిరిగింది, ఇంకా సగం కూడా కాలేదు అనుకుంటారు, కానీ రబ్బరు ఊరికే ఉన్నా ముసలిదవుతుంది, అందులోనూ విజయవాడ, రామగుండం ఎండల్లో బానెట్ కింద వేడి సంగతి చెప్పక్కర్లేదు. ట్రాఫిక్‌లో గంటలు గంటలు ఐడిల్‌లో ఉండే హైదరాబాద్ బండికి కిలోమీటర్లు పడవు కానీ బెల్ట్ మాత్రం తిరుగుతూనే ఉంటది. దుమ్ము ఎక్కువ, క్యాబ్‌లా తిప్పుతారు అంటే మాన్యువల్‌లో కష్టమైన వాడకానికి వేరే లెక్క ఇస్తారు, అది చూసుకోండి. చూస్తే బానే ఉంది కదా అని పొడిగించడం కూడా నేను ఒప్పుకోను, ఇప్పటి బెల్టుల రబ్బరు మంచిది కాబట్టి చివరిదాకా పగుళ్ళు చూపించకుండానే లోపల దారం బలహీనపడొచ్చు.

మార్చేటప్పుడు బెల్ట్ ఒక్కటే మార్చొద్దు. కిట్ అని దొరుకుద్ది, బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు కలిపి, గేట్స్, కాంటినెంటల్, డేకో, ఐఎన్ఏ లాంటివి లేదా కంపెనీ బాక్స్. వాటర్ పంపు ఈ బెల్ట్ మీదే తిరిగే ఇంజన్ అయితే పంపు కూడా అప్పుడే, లేబర్ ఒకటే కాబట్టి, ఆ పంపు ఏడాది తర్వాత లీకైతే మళ్ళీ ఇదంతా విప్పాలి. సీల్స్ చెమ్మగా ఉంటే మార్చేయండి. నకిలీలు బాగా తిరుగుతున్నాయి, బిల్లు ఇచ్చే చోటే కొనండి, బెల్ట్ మీద పార్ట్ నంబరూ తయారైన తేదీ కోడూ చెరగకుండా ఉన్నాయేమో చూడండి.

బిగించే మెకానిక్ దగ్గర మీ ఇంజన్‌కి సరిపోయే లాకింగ్ టూల్స్ (క్రాంక్‌నీ క్యామ్‌నీ కదలకుండా పట్టి ఉంచేవి) ఉన్నాయా అని ముందే అడగండి. పాత బెల్ట్ మీద వైట్‌నర్‌తో గుర్తులు పెట్టి కొత్తదాని మీదకి ఎక్కించే పద్ధతి పాత సాదా ఇంజన్లకి నడిచేది, కొన్ని కొత్త ఇంజన్లలో క్రాంక్ పుల్లీ జారకుండా పట్టుకునే కీ అనే చిన్న లోహపు ముక్క కూడా ఉండదు, బోల్టు బిగింపు మీదే నిలబడుద్ది, అక్కడ గుర్తులు నమ్మితే కొద్దిగా జరిగినా వాల్వులు పోతాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే బిగించాలి. అన్నీ అయ్యాక లాకులు తీసేసి క్రాంక్ బోల్టు దగ్గర చేత్తో, ఇంజన్ తిరిగే దిశలోనే రెండు చుట్లు తిప్పి, లాకులు మళ్ళీ చక్కగా దిగుతున్నాయో లేదో చూడాలి, దిగకపోతే మళ్ళీ మొదట్నుంచి. ఈ ఒక్క పని మీ ఎదురుగా చెయ్యమనండి, పది నిమిషాలు కూడా పట్టదు. ఒక్కసారే వాడాల్సిన క్రాంక్ బోల్టు అయితే కొత్తది, టార్క్ రెంచ్‌తో. మీకే చేతిపని వచ్చు, ఇంట్లోనే చేద్దాం అనుకుంటే పెట్రోల్ ఎనిమిది వాల్వుల పాత ఇంజన్ మీద నేర్చుకోండి, డీజిల్ మీద మొదటి ప్రయోగం వద్దు.

తడి బెల్టుల గురించి కూడా చెప్పాలి. ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్ లాంటి కొన్ని ఇంజన్లలో బెల్ట్ ఇంజన్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుద్ది. వీటిలో చవక ఆయిల్ పోసినా, వేరే గ్రేడు పోసినా, ఆయిల్ మార్చడం లేటు చేసినా రబ్బరు పొరలు పొరలుగా ఊడి ఆయిల్ పంపు జల్లెడలో అడ్డం పడతాయి, అప్పుడు బెల్ట్ తెగకముందే ఆయిల్ ప్రెషర్ లేక ఇంజన్ పట్టేస్తుంది. మాన్యువల్‌లో చెప్పిన స్పెసిఫికేషన్ ఆయిలే, చెప్పిన టైంకే, దీంట్లో సర్దుకోవడం లేదు.

అమెరికాలో ఉండి సెకండ్ హ్యాండ్ హోండా ఒడిస్సీ, పైలట్ కొనేవాళ్ళకి కూడా ఇదే సంగతి, ఆ వి6 ఇంజన్లలో 3.5 లీటర్ జె సిరీస్‌ది బెల్ట్, ఇంటర్‌ఫియరెన్స్. మీటర్‌లో మెయింటెనెన్స్ మైండర్ 4 అని చూపిస్తే ప్లగ్గులతో పాటు టైమింగ్ బెల్ట్ కూడా ఆ లిస్టులోదే, అమ్మేవాడు ఆ లైటు రీసెట్ చేసి పని చెయ్యకుండా వదిలేసి ఉండొచ్చు కాబట్టి సర్వీస్ కాగితం అడగండి.

ఇక్కడైనా అంతే, సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి కొనేటప్పుడు "బెల్ట్ మొన్నే మార్పించాం అండి" అనే మాటకి బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. మీటర్ వెనక్కి తిప్పిన బండ్లు మార్కెట్లో ఉన్నంతకాలం కిలోమీటర్లు చూసి నిర్ణయించడం కూడా కుదరదు, తయారైన సంవత్సరం చూసి లెక్కేయండి. కిట్‌కీ లేబర్‌కీ ఎంతవుతుందో మీ మెకానిక్‌ని ముందే అడిగి ఆ మొత్తం బేరంలో తగ్గించమనండి, బండి చేతికొచ్చిన వారంలోపు దూర ప్రయాణాలేం పెట్టుకోకుండా మార్పించేసి, తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాయించి బానెట్ లోపల అంటించుకోండి, పాత టెన్షనరూ బెల్టూ అడిగి ఇంటికి తెచ్చుకోండి, నిజంగా మార్చారో లేదో అదే సాక్ష్యం.